తజ్కియా శబ్దవిచారము: ఒక యిస్లామీయ ప్రార్థన

ఇస్లాము మతమునందుఁ బ్రార్థనలు రెండు తెఱఁగులు. నియతకాలములందు నియతక్రమమునఁ జేయవలసినది సలాత్. దీనినే పారసీకపదముతో నమాజు అని వ్యవహరింతురు. భక్తుఁడు తన కోరికను దేవునకు విన్నవించుకొనుట దుఆ. మొదటిదానికిఁ గల కాలనియమము రెండవదానికి లేదు. అయినను మహమ్మదు ప్రవక్త నోట వెలువడినవిగాఁ బరంపరాగతములైన దుఆవాక్యములను వర్ణలోపము లేకుండ వల్లించుట ముస్లిముల యాచారము. అట్టివానిలో మనోబలమును, అంతఃకరణశుద్ధిని ఒక్కమాఱుగా నర్థించు దుఆ యొకటి కలదు. అది మిగులఁ జిన్నది. కాని యందలి ప్రధానక్రియాపదమును గుఱించి యరబీ వైయాకరణులును, ఖురాను వ్యాఖ్యాతలును పలుశతాబ్దములు విచారించియున్నారు. ఆ విచారము కేవలశబ్దవిషయము కాదు. మనస్సును శుద్ధము చేయువాఁడు మనుష్యుఁడా, దేవుఁడా యను ప్రశ్నము దానిమీఁద నాధారపడియున్నది. సంస్కృతవ్యాకరణ పరిచయముగల తెలుఁగు పండితులకు ఈ చర్చ పరాయిదిగాఁ దోఁపదు. క్రియయందు స్వతంత్రుఁ డెవఁడు, ప్రేరకుఁ డెవఁడు అను విషయమును గారకప్రకరణము వేఱొక సందర్భమున నింతకంటెను సూక్ష్మముగాఁ బరిశీలించినది.

ప్రార్థనాస్వరూపము

ఈ దుఆను హిజరీ 261, అనఁగాఁ గ్రీస్తుశకము 875లోఁ గాలధర్మము నొందిన నైషాపూరువాసి ముస్లిం ఇబ్నుల్ హజ్జాజ్ తన హదీసు సంపుటమైన సహీహునందుఁ జేర్చెను. ముహమ్మద్ ఫువాద్ అబ్దుల్ బాఖీ యేర్పఱచిన వరుసలో దీని సంఖ్య 2722. దీనిని లోకమునకుఁ జెప్పినవాఁడు ప్రవక్త యనుచరుఁడైన జైద్ ఇబ్ను అర్ఖమ్. ఇతఁడు మదీనావాసులైన అన్సారులలోఁ జేరినవాఁడు. తరువాతి కాలమునఁ గూఫానగరమున నివసించెను. ప్రవక్త యెట్లు పలుకుచుండిరో యట్లే తాను వినిపించుచున్నానని యితఁడు శ్రోతలకు ముందుగాఁ జెప్పినట్లు సహీహునందుఁ గలదు. పాఠవిషయమున సంప్రదాయమున కెంత జాగరూకత కలదో దీనివలనఁ దెలియును.

దుఆ మూఁడు భాగములు. మొదటిభాగమున భక్తుఁ డాఱు విషయములనుండి దేవుని శరణు వేఁడును. అవి యశక్తి, సోమరితనము, పిఱికితనము, లోభము, కడముదిమి, సమాధియందలి బాధ. రెండవభాగమునఁ దన నఫ్సునకు దాని తఖ్వా నొసఁగుమనియు, దానిని శుద్ధము చేయుమనియు వేఁడి, శుద్ధము చేయువారిలో దేవుఁడే మేటి యనియు, దాని రక్షకుఁడును ప్రభువును అతఁడే యనియుఁ బలుకును. మూఁడవభాగమున మరల నాలుగింటినుండి శరణు వేఁడును. అవి ప్రయోజనములేని విద్య, వంగని హృదయము, తృప్తి యెఱుఁగని నఫ్సు, ఆలకింపఁబడని మొఱ. ఇరుప్రక్కల నిషేధ్యములు, నడుమ విధేయము. తొలఁగవలసినవి పది కాఁగా వాని నడుమ నిలిచిన కోరిక యొక్కటే, అదియే శుద్ధి.

శక్తివిషయము

మొదటిభాగము బలమునకు సంబంధించినది. అందలి మొదటిపదము 'అజ్జ్'. దీని ధాతువు ఐన్, జీమ్, జాయ్ అను మూఁడు హల్లులతో నేర్పడినది. ఈ ధాతువునుండియే వెనుకటిభాగమను నర్థమున 'అజుజ్' అను పదము పుట్టినది. కావున నశక్తి యనఁగా వెనుకఁబడిపోవుట యను భావ మందు ధ్వనించును. ప్రవక్తల మహిమలకు వాడు 'ముఅజిజా' యను పదమును ఈ ధాతువుదే. ఇతరులను అశక్తులను జేయునది యని దాని యవయవార్థము. ఖురాను రచనకుఁ బ్రతిరచన యసాధ్యమని చెప్పు 'ఇఅజాజ్' అను శాస్త్రసంజ్ఞయు నిదే వంశమున జనించినది.

దమస్కునగరవాసి యగు ఇబ్నుల్ ఖయ్యిం (1292–1350) ఈ పదములను జంటలుగా విడఁదీసి వివరించెను. మేలు చేయలేకపోవుట శక్తిలోపమువలనఁ గలిగినచో నది యశక్తి. ఇచ్ఛాలోపమువలనఁ గలిగినచో నది సోమరితనము. దేహముతో నుపకరింపకపోవుట పిఱికితనము. ధనముతో నుపకరింపకపోవుట లోభము. ఈ విభాగము గమనింపఁదగినది. ఇందు బలమనఁగాఁ గండబలము కాదు. పరులమీఁదఁ జూపు నధికారమును గాదు. చేయఁదగినదానిని జేయుటకుఁ గావలసిన సామర్థ్యము, సంకల్పము, ధైర్యము, ఔదార్యము అను నాలుగింటి కూడికయే బలము. ముదిమియు, సమాధిబాధయు ఈ నాలుగింటికిఁ బిమ్మటఁ జెప్పఁబడినవి. మొదటి నాలుగు నడవడికి సంబంధించినవి. చివరి రెండును మనుష్యుని చేతిలో లేనివి. తన చేతిలోనున్నదానిని, లేనిదానిని ఒకే వాక్యమున దేవుని యెదుట నుంచుటవలన, రెండింటియందును దనకుఁ బరాపేక్ష కలదని భక్తుఁ డంగీకరించుచున్నాఁడు. నడిమిభాగమునఁ గర్తృవిచారము వచ్చునపుడు ఈ యంగీకారము ప్రధానమగును.

నఫ్సు, తఖ్వా, తజ్కియా

రెండవభాగమున మూఁడు పదములు ముఖ్యములు. మొదటిది నఫ్సు. నూన్, ఫా, సీన్ అను హల్లులు దీని ధాతువు. ఊపిరి యను నర్థముగల 'నఫస్' అను పదమును ఈ ధాతువునుండియే వచ్చినది. ఇంతేకాక 'తనను', 'తనకు' అను స్వవాచకార్థమున నరబీయులు నఫ్సుశబ్దమును వాడుదురు. సంస్కృతమున 'ఆత్మానమ్' అను రూప మిట్లే స్వవాచకముగాఁ జెల్లుచున్నది. నఫ్సుశబ్దము స్త్రీలింగము. ఈ లింగవిషయము మీఁది చర్చకుఁ గీలకము.

రెండవది తఖ్వా. దీనిని దేవభీతి యనియు, ధర్మనిష్ఠ యనియు ననువదించుట వాడుక. ధాతువు వావ్, ఖాఫ్, యా, అర్థము కాపాడుట. మొదటి వకారమునకుఁ దకారము, కడపటి యకారమునకు వకారము ఆదేశములుగా వచ్చి 'తఖ్వా' సిద్ధించినదని యరబీ వైయాకరణుల ప్రక్రియ. కావునఁ దఖ్వా యనఁగా వట్టి భయము కాదు. కీడు సోఁకకుండఁ దన్నుఁ దాను గాచుకొనుట దాని మూలార్థము.

మూఁడవది తజ్కియా. ధాతువు జాయ్, కాఫ్, వావ్. పైరు పెరిగినదని చెప్పుటకు నీ ధాతువునే వాడుదురు. దీనికి వృద్ధి, శుద్ధి యను రెండర్థములును గలవు. ధనమునందుఁ బేదల పాలుగా విధిగా నీయవలసిన జకాతు ఈ ధాతువునుండి పుట్టినదే. రొక్కము, వెండిబంగారముల విషయమున నది నలువదవ వంతు. ఇచ్చుటవలనఁ దగ్గవలసిన ధనము శుద్ధమై పెరుగునని యా పేరునందలి భావము. తెలుఁగున సుంకమను నర్థమున వాడుకలోనికి వచ్చిన 'జకాతి' యను పదమును దీనినుండి వచ్చినదే. బాటసుంకము వసూలు చేయు తావునకుఁ జేరునప్పటికి ఆ పదము తన శుద్ధ్యర్థమును పూర్తిగాఁ గోలుపోయినది.

ఖురానునందలి 91వ అధ్యాయము సూర్యుని పేర నున్నది. అందు 9వ వాక్యము నఫ్సును శుద్ధముచేసినవాఁడు కృతార్థుఁడని చెప్పఁగా, 10వ వాక్యము దానిని 'దస్సా' చేసినవాఁడు చెడెనని చెప్పును. ఈ 'దస్సా' యను క్రియకుఁ బాఁతిపెట్టుట, మఱుఁగుపఱచుట యని యర్థము. మూలధాతువునందు సకారద్వయము కలదు. ద్విత్వరూపమున మూఁడు సకారములు చేరఁగాఁ గడపటిదానికి స్వరాదేశము వచ్చినదని వైయాకరణుల మతము. శుద్ధికి వ్యతిరేకపదముగా మాలిన్యము చెప్పక, పాఁతిపెట్టుటను జెప్పుట గమనింపవలెను. ఒకఁడు విత్తనమును మొలకెత్తించి పెంచును. వేఱొకఁడు దానిని మొలవనీయక మంటిలో నణఁచివేయును. కావున నీ సందర్భమున శుద్ధి యనఁగా బట్టకు మురికి వదలించుట వంటిది మాత్రము కాదు. కలుపుతీసి పైరును బెంచుట వంటిది. మొదటిభాగమందలి బలమునకును రెండవభాగమందలి శుద్ధికిని సంబంధ మిచ్చటఁ దెలియుచున్నది. ఎదుగనిది బలపడదు; కలుపుతీయనిది యెదుగదు.

దుఆకును ఈ యధ్యాయమునకును గల సంబంధము ధాతుమాత్రమునఁ దీరదు. 91వ అధ్యాయమందలి 15 వాక్యములును 'ఆహా' యను నంత్యప్రాసతో ముగియును. దుఆ నడిమిభాగమున నఫ్సునకు వర్తించు 'హా' యను స్త్రీలింగసర్వనామ మైదుమాఱులు వచ్చి యా ప్రాసమునే మ్రోగించును. 8వ వాక్యాంతమందలి 'తఖ్వాహా', 9వ వాక్యాంతమందలి 'జక్కాహా' అను రూపములు దుఆయందు యథాతథముగా నున్నవి. నఫ్సునకు దాని పాపమును, దాని తఖ్వాయు దేవునిచే నెఱిఁగింపఁబడినవని ఖురాను చెప్పును. దుఆ యా రెండింటిలోఁ దఖ్వాను మాత్రమే యడుగును. అధ్యాయమందుఁ గథనరూపమున నున్న యర్థము దుఆయందుఁ బ్రార్థనారూపమునకు మాఱినది. ఇది లోట్టుయొక్క విషయము. లోట్టు విధియందే కాక ప్రార్థనయందును వచ్చునని పాణిని చెప్పెను. అరబీ యలంకారికులును ఇట్టి విభాగమునే చేసిరి. పెద్దవాఁడు చిన్నవానితోఁ బలికినచో నది యాజ్ఞ, సమానుఁడు సమానునితోఁ బలికినచో నది కోరిక, చిన్నవాఁడు పెద్దవానితోఁ బలికినచో నది దుఆ. క్రియారూపము మూఁడింటికి నొక్కటియే.

కర్తృవిచారము

91వ అధ్యాయమందలి 9వ వాక్యమున శుద్ధముచేయు క్రియకుఁ గర్త యెవఁడు? అరబీభాషయందుఁ గర్త క్రియలోననే గూఢముగా నుండవచ్చును. 'మన్' అను పదము 'ఎవఁడు' అను నర్థముగల యచ్ఛబ్దము వంటిది. ఒక పక్షమున గూఢకర్త యా 'మన్' శబ్దవాచ్యుఁడైన మనుష్యుఁడు. కర్మయగు 'హా' నఫ్సు. ఎవఁడు దానిని శుద్ధము చేసెనో వాఁడు కృతార్థుఁడని యర్థము. రెండవ పక్షమున గూఢకర్త దేవుఁడు. అపు డెవని నఫ్సును దేవుఁడు శుద్ధము చేసెనో వాఁడు కృతార్థుఁడని యర్థమగును. మొదటి పక్షమునందు యచ్ఛబ్దమును సూచించు సర్వనామము గూఢకర్తయే కనుకఁ జిక్కు లేదు. రెండవ పక్షమునందు 'హా' యనునదే దానిని సూచింపవలెను. 'మన్' పుంలింగము, 'హా' స్త్రీలింగము. 'మన్' శబ్దమున కిచ్చట నఫ్సని యర్థము కాన లింగవిరోధము లేదని యా పక్షమువారి సమాధానము.

హిజరీ 310 (క్రీ. శ. 923)లో మరణించిన తబరీ తన మహావ్యాఖ్యయందు దేవుఁడు కర్త యను నర్థమును జెప్పెను. ఖ్వారజ్మ్ దేశీయుఁడైన జమఖ్షరీ (1075–1144) తన 'కష్షాఫ్' వ్యాఖ్యయందు దీనిని దీవ్రముగా నిరాకరించెను. ఇతఁడు వైయాకరణులలో నగ్రగణ్యుఁడు. మతమున ముఅతజిలీ, అనఁగా మనుష్యుఁడు తన కర్మలకుఁ దానే కర్త యను వాదమువాఁడు. సర్వనామమును మెలిపెట్టి దేవుని కర్తను జేయుట, మనుష్యుఁడు చేయు దోషమును దేవునిమీఁదఁ ద్రోయుటకుఁ దెరువగునని యతని యాక్షేపము. ఏలయన 9వ వాక్యమున దేవుఁడు కర్తయైనచో, 10వ వాక్యమునఁ బాఁతిపెట్టుటకును దేవుఁడే కర్త కావలసివచ్చును. ఒక సర్వనామముయొక్క లింగముమీఁద నొక మతసిద్ధాంతమే నిలువవలసి వచ్చినది.

14వ శతాబ్దమున ఇబ్ను కసీర్ ఈ వాక్యమును వ్యాఖ్యానించుచు రెండర్థములను జూపి, జైద్ ఇబ్ను అర్ఖమ్ చెప్పిన యీ దుఆను నచ్చట నుదాహరించెను. అట్లు చేయుట యుక్తము. దుఆయందు సందేహమునకుఁ దావు లేదు. శుద్ధము చేయుమని దేవునితోనే చెప్పుచుండుటవలన నచ్చటఁ గర్త సాక్షాత్తుగా దేవుఁడే. కాని వెంటనే వచ్చు మాటయందు మరల నొక చిక్కు కలదు. శుద్ధము చేయువారిలో దేవుఁడు 'ఖైర్', అనఁగా మేటి యని యున్నది. అట్లయినచో శుద్ధము చేయువా రితరులును గలరా?

ఇది నిర్ధారణవిషయము. ఆవులలో నల్లని యావు మిక్కిలి పాలిచ్చునది యన్నపుడు నల్లనిదియు నావులలోఁ జేరినదే కావలెను. జాతినుండి యేకదేశమును వేఱుచేసి చెప్పుటయందు షష్ఠీసప్తములు వచ్చుననియు, పోల్చఁబడునది యా సమూహమునకు వెలిదైనచోఁ బంచమి వచ్చుననియుఁ బాణిని రెండవ యధ్యాయము మూఁడవ పాదమందలి 41, 42 సూత్రములలో విభజించెను. అరబీ వైయాకరణుల నియమమును నిట్టిదే. 'ఖైర్' వంటి యాధిక్యవాచకము షష్ఠీసంబంధముతో వచ్చినచో దానిచేఁ జెప్పఁబడినవాఁ డా సమూహములోనివాఁడు. 'మిన్' అను పంచమ్యర్థకముతో వచ్చినచో వెలివాఁడు. దుఆయందున్నది షష్ఠీసంబంధమే. ఈ నియమము ననుసరించినచో శుద్ధము చేయువారు పలువురు. వారిలో దేవుఁడు మేటి.

హిజరీ 676 (క్రీ. శ. 1277)లో మరణించిన నవవీ సహీహునకు వ్రాసిన వ్యాఖ్యయందు దీని నంగీకరింపలేదు. ఇచ్చటి 'ఖైర్' పోలికకై వచ్చినది కాదనియు, దేవుఁడు తప్ప శుద్ధము చేయువాఁడు వేఱొకఁడు లేఁడని దాని భావమనియు, తరువాతనున్న రక్షకపదమే యందులకు సాక్షి యనియు నతఁడు వ్రాసెను. ఆధిక్యవాచకమునకుఁ బోలిక లేకుండుట యరబీయందు వింత కాదు. దేవునివిషయమున 'అక్బర్' అనునపుడు, ఏదో వస్తువుకంటెఁ బెద్ద యని కాక సర్వాతిశయమునే చెప్పుదురు.

అయినను ఖురానునందే యీ క్రియకు వేర్వేఱు కర్తలు కలరు. 24వ అధ్యాయము 21వ వాక్యమున దేవుఁడు తాఁ గోరినవారిని శుద్ధము చేయునని కలదు. 62వ అధ్యాయము 2వ వాక్యమున జనులను శుద్ధము చేయువాఁడుగాఁ బ్రవక్త చెప్పఁబడెను. 91వ అధ్యాయమున, జమఖ్షరీ మతమున, మనుష్యుఁడే కర్త. పైఁగా నా వాక్యమందలి 'మన్ జక్కాహా' యను రెండుపదములు మార్పులేక దుఆయందును వచ్చినవి. అచ్చటఁ గృతార్థులుగాఁ గొనియాడఁబడినవారే యిచ్చట దేవునితోఁ గూడిన సమూహముగా వచ్చిరని చెప్పుటకు శబ్దానుగుణ్యము కలదు.

ఇందుఁ బ్రయోజకప్రయోజ్య విభాగము కొంత యుపకరించును. స్వతంత్రుఁడు కర్త యనియు, వానిని బ్రేరేపించువానికి హేతువు, కర్త యను రెండు పేళ్లును గలవనియుఁ బాణిని మొదటి యధ్యాయము నాలుగవ పాదమందు 54, 55 సూత్రములలోఁ జెప్పెను. యజ్ఞదత్తుఁడు దేవదత్తునిచే వండించునపుడు వండుట దేవదత్తునిదే. ప్రేరకుఁ డుండుటవలన వాని స్వాతంత్ర్యము పోలేదు. వాఁడు వండుచుండుటవలనఁ బ్రేరకుఁడు నిరర్థకుఁడు కాలేదు. ఇది సాదృశ్యమాత్రమే కాని సిద్ధాంతైక్యము కాదు. ఇస్లామీయ వేదాంతులు ఈ ప్రశ్నమును దమ పరిభాషలతో వేఱుగా విచారించిరి. కాని దుఆ యొక్క స్వరూపము దీని కనుకూలముగా నున్నది. శుద్ధి కేవలము దేవునిపనియే యైనచోఁ బ్రయత్నము చెడును. కేవలము మనుష్యునిపనియే యైనచోఁ బ్రార్థన చెడును. సోమరితనమునుండి కాపాడుమని వేఁడినవాఁడే వెంటనే శుద్ధము చేయుమని వేఁడుచున్నాఁడు. ప్రయత్నమునకుఁ గావలసిన శక్తి మొదట, ఫలము తరువాత నడుగఁబడినవి.

ఒకే క్రియ, రెండర్థములు

ఖురానునందు శుద్ధముచేయువానిని గొనియాడిన యీ క్రియయే వేఱొకచోట నిషేధింపఁబడినది. 53వ అధ్యాయము 32వ వాక్యమున, మీ నఫ్సులను 'తజ్కియా' చేయకుఁడని కలదు. ధాతు వొక్కటి, ప్రత్యయ మొక్కటి, కర్మ మొక్కటి. ఒకచోట శ్లాఘ, వేఱొకచోట నిషేధము. ఈ విరోధమునకుఁ బరిహారము ప్రత్యయార్థమునందుఁ గలదు. ధాతువు నడిమిహల్లునకు ద్విత్వము చేయుటవలన నరబీయందు 'అట్లు చేయుట' యను నర్థము కలుగును; 'అట్టిదని చెప్పుట' యను నర్థమును గలుగును. అబద్ధమాడుట యను నర్థముగల ధాతువునకు ద్విత్వము వచ్చినచో అబద్ధీకుఁడని యనుట యగును. అట్లే తజ్కియాకు శుద్ధము చేయుట యనియు, శుద్ధమని చెప్పుట యనియు రెండర్థములు. 91వ అధ్యాయమున మొదటిది, 53వ అధ్యాయమున రెండవది.

సంస్కృతమునందును నిట్టి ద్వ్యర్థత కలదు. నామముపై ణిచ్చు 'దానిని జేయుచున్నాఁడు' అను నర్థమునను, 'దానిని జెప్పుచున్నాఁడు' అను నర్థమునను వచ్చునని చురాదిగణమునఁ జెప్పఁబడినది. 'ముండయతి' యనఁగా ముండనము చేయుట. 'పటయతి' యనఁగాఁ బటువని చెప్పుట. పరస్పరసంబంధములేని రెండుభాషలలోఁ జేఁతయు మాటయు నొక్క ప్రత్యయమునఁ జేరియుండుట యాశ్చర్యకరము.

ఈ నిషేధము వ్యవహారమునఁ బాటింపఁబడినదనుటకు హదీసులలో నొక తార్కాణము కలదు. జైనబ్ అను నామెకు మొదట 'బర్రా' యని పేరు. పుణ్యశీల యని దాని యర్థము. ఆమె తన్నుఁ దాను శుద్ధురాలినని చాటుకొనుచున్నదని జనులన్నందునఁ బ్రవక్త యా పేరు మార్చి జైనబ్ అని పిలిచిరి. బుఖారీ, ముస్లిం సంపుటములు రెండింటను నీ విషయము కలదు. జనుల మాటలోఁ బ్రయోగింపఁబడినది తజ్కియా క్రియయే.

కావున నీ దుఆయందు శుద్ధము చేయుమని వేఁడుట వినయార్థము మాత్రమే కాదు. వ్యాకరణార్థమునను గ్రమమైన మార్గము. తజ్కియా యను క్రియకుఁ దాను గర్తనని చెప్పుకొన్నచో, చేసితినను మాట చెప్పితినను మాటలోనికి జాఱును. శుద్ధుఁడనైతినని పలికిన క్షణమున మొదటి యర్థము పోయి రెండవ యర్థము నిలుచును. క్రియను మధ్యమపురుషమునందుంచి దేవుని కర్తను జేసినచో నా యపాయము లేదు. ప్రయత్నించుట భక్తునిది, సిద్ధించెనని చెప్పుట యతనిది కాదు.

విద్యావిషయము

మూఁడవభాగమున వర్జింపవలసిన నాలుగింటిలో మొదటిది ప్రయోజనములేని విద్య. తూస్ నగరమునఁ బుట్టిన గజాలీ (1058–1111) నలువది ప్రకరణముల తన మహాగ్రంథమైన 'ఇహ్యా ఉలూమిద్దీన్'ను విద్యాప్రకరణముతో నారంభించి, ఫలములేని విద్య విద్వాంసునకే కీడగునని యందు విస్తరించెను. దుఆయందు విద్య తరువాత హృదయము, దానితరువాత నఫ్సు, కడపట మొఱ చెప్పఁబడినవి. విద్య ఫలింపనిచో హృదయము వంగదు. హృదయము వంగనిచో నఫ్సునకుఁ దృప్తి లేదు. తృప్తిలేనివాని మొఱ కోరికలపట్టికగా మిగులును. ఇట్టి కార్యకారణక్రమ మా వరుసయందుఁ దోఁచుచున్నది.

రచనావిషయమునను విశేషము కలదు. మొదటి మూఁడింటి క్రియలు 'యన్‌ఫఅ', 'యఖ్‌షఅ', 'తష్‌బఅ' యని ఐన్ అక్షరమున ముగియును. దుఆయందు బుద్ధిపూర్వకముగాఁ బ్రాసలు కూర్చుట నిందితమని పెద్దలు చెప్పియుండఁగా, ఇట్టి ప్రాసలు నిర్దోషములా యను శంక పుట్టినది. ప్రయాసపడి కూర్చినదే నిందితము. అప్రయత్నముగా వచ్చినది కాదని నవవీ యీ దుఆనే ప్రమాణముగాఁ జూపెను. కడపటివాక్యమునఁ బ్రాస విడిపోవును. అచ్చటి క్రియ కర్తృవాచకము గాక, కర్త చెప్పఁబడని భావేప్రయోగము వంటిది. మొఱ యను స్త్రీలింగపదముతోఁ గాక పుంలింగరూపమున నిలిచి, 'దానికి బదులు పలుకఁబడదు' అను తీరున నున్నది. ఆలకింపకుండుటకు దేవుని గర్తగాఁ బేర్కొనకుండుట యిందలి మర్యాద. శుద్ధి యడుగునపుడు నీవు నీవని మాటిమాటికిఁ బిలిచిన భక్తుఁడు, నిరాకరణమును దలఁచునపుడు కర్తృపదమును విడిచినాఁడు.

తెలుఁగు చేయుటయందలి చిక్కులు

ఖురానును దెలుఁగు చేసినవారిలో మొదటివాఁడుగాఁ బ్రసిద్ధుఁడైన చిలుకూరి నారాయణరావు భాషాశాస్త్రవేత్త. అతని తరువాతఁ బెక్కు తెలుఁగనువాదములు వెలువడినవి. ఇట్టి యనువాదములకుఁ బూనుకొనువారికి నీ దుఆ మూఁడు చిక్కులను జూపును.

మొదటిది నఫ్సు. దీనిని 'ఆత్మ' యని తెలిఁగించుట సులభము. కాని యద్వైతసంప్రదాయమునఁ బెరిగిన చదువరికి ఆత్మ నిత్యశుద్ధము. దానికి శుద్ధి యక్కఱలేదు, చావును లేదు. ఖురానునందో ప్రతినఫ్సును జావును జవిచూచునని 3వ అధ్యాయము 185వ వాక్యము చెప్పును. కావున నాత్మ యనినచో ననర్థము. వట్టి మనస్సనినచో నసంపూర్ణము. జీవుఁడు, అంతఃకరణము అను పదములు సన్నిహితములు. ఆత్మయే వాడవలసివచ్చినచో నది స్వవాచకమని యొక్కమాట వివరింపవలెను.

రెండవది తజ్కియా. 'పరిశుద్ధపఱచు' అను తెలుఁగుక్రియకుఁ జేయుట యనునర్థమే కాని చెప్పుట యనునర్థము లేదు. అందుచే 91వ అధ్యాయమున నొక పదము, 53వ అధ్యాయమున 'శుద్ధులమని చెప్పుకొనుట' యని వేఱొక పదము వాడక తప్పదు. అర్థము నిలుచును; కాని రెండు వాక్యములకును గల బంధుత్వము మఱుఁగుపడును. వృద్ధ్యర్థమును పోవును. మూఁడవది రక్షకప్రభువాచకములైన 'వలీ', 'మౌలా' పదములు. రెండును సామీప్యార్థకమైన యొకే ధాతువునుండి పుట్టినవి. మౌలా యనఁగాఁ బ్రభువనియు, ప్రభువుచే విడుదల నొందిన దాసుఁడనియు నిరుదెఱఁగుల నర్థము. తెలుఁగునాట మస్తాన్ వలీ యను పేరునందును, మౌలానా యను బిరుదునందును నీ పదములు నిత్యము వినఁబడుచున్నవి. అట్టి పరిచిత పదములకు దూరపు సంస్కృతపదములు కల్పించుటకంటె, వానినే నిలిపి యర్థము చెప్పుట మేలు.

ఒక చిన్న ప్రార్థనయందు లింగము, కారకము, ప్రత్యయార్థము, నిర్ధారణము అను నాలుగు శాస్త్రవిషయములు కలిసియున్నవి. వానిని వేర్వేఱుగా విడఁదీసి చూచినను దేలునది యొక్కటే. ఇందు శుద్ధి యనఁగా నెదుగుదల. బలమనఁగా మేలు చేయుటకుఁ జాలుట. రెండును బ్రయత్నింపవలసినవి, అడుగవలసినవి, కాని చాటుకొనరానివి. 'ఖైర్' శబ్దమునకుఁ బోలిక కలదను పక్షమును, లేదను పక్షమును శబ్దబలముచే సమర్థనీయములే. రెండు పక్షములకు నంగీకృతమైన యంశము మాత్రము చాటుకొనుట నిషిద్ధమనుట. సంస్కృతారబీ వ్యాకరణములను సరిపోల్చి చూచుటకు నింకను బెక్కు తావులు కలవు. విద్వాంసులు విచారింతురు గాక.